జల్లెడ చేతులు

కియోనా వెనక మెట్ల మీద కూర్చుని మూడో కుందేలు తోలు వలుస్తోంది. కాలి మడమల దగ్గర చిన్న గాటు పెట్టి, రెండు వేళ్లు లోపలికి దూర్చి, పసిపిల్లకి చొక్కా విప్పినట్టు మెల్లగా లాగితే తోలంతా ఒక్కసారే ఊడి వస్తుంది. పక్కనున్న బకెట్లో నీళ్లు అప్పటికే మసితో నల్లబడ్డాయి.

ఏప్రిల్ నెల. ఆ ఏటికి అవే ఆఖరి మంటలు. మోస్‌బీ ఊరి చుట్టూ కనుచూపు మేరా చెరుకే. కోతకి ముందు ఎండుటాకు తగలబెడతారు. మంట లేవగానే దుబ్బుల్లో దాక్కున్న కుందేళ్లు బయటికి దూకుతాయి. ఆ ఊళ్లో కాళ్లు నిలిచిన ప్రతి పిల్లవాడూ మంట అంచున నిలబడి వాటి వెంట పడాల్సిందే. వలా ఉండదు, కుక్కా ఉండదు. ఎవరి కాళ్లు వాళ్లవి, ఎవరి చేతులు వాళ్లవి.

ఆ పరుగులో కియోనా తమ్ముడు జవారిస్‌కి ఎదురు లేదు. పదిహేడేళ్లవాడు, పొడుగు కాళ్లవాడు. ఇప్పుడూ అంతే, వీపు మీద కర్రకి రెండు కుందేళ్లు వేలాడేసుకుని కంచె దూకి వచ్చాడు.

“అమ్మమ్మా, మూకుడు పెట్టు! ఇంకో రెండు!”

అమ్మమ్మ వెర్లీన్ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. “కుందేళ్లయితే నిన్ను చూసి వాటంతటవే ఒళ్లోకొచ్చి కూర్చుంటాయి. మరి ఆ బంతికే నువ్వంటే ఎందుకు గిట్టదురా?”

“నువ్వు కూడా మొదలెట్టావా?”

“నేనెక్కడ మొదలెట్టాను? మంగలి షాపులో మొదలెట్టారు. నిన్న పాస్టరుగారి భార్య నా చెయ్యి పట్టుకుని, ‘మీ జల్లెడ కులాసానా వెర్లీన్?’ అని అడిగింది. చర్చిలో! దేవుడు వింటుండగా!”

జవారిస్ నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది.

ఊరు పెట్టిన పేరది. జవారిస్ బడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రిసీవర్. వాడి పని చూడ్డానికి తేలిక. గీత మీంచి లేచి ముందుకు పరిగెత్తాలి, వెనకనుంచి తమవాడు విసిరిన తోలుబంతిని నేల తాకకుండా పట్టుకోవాలి. పరిగెత్తడం వరకూ వాడిని ఆపగలిగినవాడు ఆ జిల్లాలో లేడు. పట్టుకోవడమే నమ్మకం లేదు. ఒకరోజు ఒంటిచేత్తో గాల్లోంచి కోసుకొచ్చినట్టు పడతాడు, మర్నాడు గుండెల మీద పడ్డ బంతిని కూడా జారవిడుస్తాడు. పోయిన నవంబరులో, సరస్సుకి అవతలి గట్టునున్న పెల్హామ్ ఊరి మీద ఆట. అందరినీ దాటుకుని జవారిస్ ఒంటరిగా నిలబడ్డాడు. చుట్టూ ఇరవై అడుగుల్లో పిట్ట కూడా లేదు. బంతి వచ్చి రెండు చేతుల మధ్య పడి, దారి అడుగుతున్నట్టు ఒక్క క్షణం ఆగి, జారిపోయింది. ఆ రాత్రి నుంచీ వాడు జల్లెడ.

“ముఖం కడుక్కో. నిన్ను చూస్తే పొయ్యిలోంచి తీసినట్టున్నావు,” అంది అమ్మమ్మ.

జవారిస్ బకెట్ దగ్గర వంగాడు. కియోనా తలెత్తి చూసింది. మాట తక్కువ మనిషి ఆమె. మొక్కజొన్న షెడ్డులో బెల్టు మీద కదిలే కంకుల్లోంచి పుచ్చువి ఏరడం పని. రోజంతా చూడటమే గానీ మాట్లాడే అవసరం ఉండదు. అందుకేనేమో, ఆ చూపు ఇంటికొచ్చినా ఊరుకోదు. తమ్ముడి ముఖమంతా మసి. కానీ రెండు కళ్ల కొసల్లోనూ సన్నని గీతలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి, కోడి కాలి గుర్తుల్లా.

ఎండకి కళ్లు చికిలిస్తే అలా పడవు. గట్టిగా మూసుకుంటేనే చర్మం ముడుచుకుని, ఆ ముడతల్లోకి మసి దూరదు.

“జవారిస్, కుందేలు మీదికి దూకేటప్పుడు కళ్లు మూసుకుంటావా?”

“ఎవరు మూసుకోరు? బూడిద లేస్తుంది కదా. నువ్వే కదా నేర్పావు.”

నిజమే. వాడికి ఆరేళ్లప్పుడు మొదటిసారి మంట దగ్గరికి తీసుకెళ్లింది కియోనాయే. వాళ్లమ్మ జాక్సన్‌విల్ వెళ్లిపోయిన ఏడాది అది. తమ్ముడి కంట్లో నిప్పురవ్వ పడుతుందని భయపడి, ‘చెయ్యి వేసే ముందు కళ్లు మూసుకో, అప్పటిదాకా చూసింది చాలు’ అని చెప్పింది. ఆ ఊరి పిల్లలందరూ చేసేదే అది. పెద్దయ్యేకొద్దీ వదిలించుకుంటారు. వీడికి మాత్రం ఒంట్లోకి ఇంకిపోయింది.

కత్తి పక్కన పెట్టి, మెట్టు మీదున్న నిమ్మకాయ తీసి చెప్పాపెట్టకుండా వాడి మీదికి విసిరింది. వాడి చేతులు లేచాయి. కాయ చేతిని తాకే ముందు రెప్పలు టక్కున మూతపడ్డాయి. నిమ్మకాయ బకెట్లో పడింది.

అక్కాతమ్ముళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

“ఒసేయ్ అక్కా,” అన్నాడు వాడు గొంతు తగ్గించి. “ఇది ఎవరికీ చెప్పకు.”

“చెబితే ఏమవుతుంది?”

“ఏమవుతుందా? బంతి వస్తే కళ్లు మూసుకునేవాడంటే పిరికోడనేగా? జల్లెడ అంటే ఎలాగో మోస్తున్నాను. పిరికోడు అంటే ఇక ఊళ్లో తిరగలేను. నా మీద ఒట్టెయ్.”

“సరేలే.”

“సరేలే కాదు. నా నెత్తిమీద చెయ్యి పెట్టు.”

రక్తం అంటిన చెయ్యి గౌనుకి తుడుచుకుని, మసి పట్టిన ఆ తల మీద పెట్టింది.

ఫిప్స్ ఆ ఇంటికి తలుపు తట్టి వచ్చే మనిషి కాడు. జట్టు కోచ్. భారీ మనిషి, నడిస్తే వంటింటి గిన్నెలు చప్పుడు చేస్తాయి. వచ్చీ రాగానే పొయ్యి మీది మూతలు ఎత్తి చూస్తాడు. జవారిస్‌కి పదకొండేళ్లప్పుడు, మంట అంచున వాడి పరుగు చూసి ట్రక్కు ఆపేసి, ‘ఈ పిల్లాడెవరు?’ అని అడిగాడట. అప్పటినుంచీ వాడికి మొదటి బూట్లు తొడిగిందీ, పిప్పిపన్ను పీకించడానికి తీసుకెళ్లిందీ, చర్చికి టై కట్టుకోవడం నేర్పిందీ ఆయనే. ఆయన ముందు జవారిస్ గౌరవంగా నిటారుగానే కూర్చుంటాడు.

“కాయ పచ్చిగా ఉందని చెట్టు నరుక్కోం కదా వెర్లీనమ్మా,” అనేవాడు కుందేలు ఎముక చప్పరిస్తూ. “ఫ్లోరిడా మొత్తం మీద ఇలాంటి కాళ్లు ఇంకో జత చూపించండి. చేతులు వస్తాయి. నేను తెప్పిస్తాను.”

వచ్చే శరదృతువే జవారిస్‌కి బడిలో ఆఖరి సీజను. అప్పుడు కాలేజీ వాళ్లు చూడ్డానికి వస్తారు. వాళ్లకి నచ్చితే కాలేజీలో చోటు, తిండి, చదువు. నచ్చకపోతే చెరుకు మిల్లు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన సంగతి కాదు. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ రెండు దారుల్లోనూ వెళ్లినవాళ్లున్నారు.

వేసవిలో మొక్కజొన్న షెడ్డు మూతపడింది. కియోనాకి తీరిక దొరికింది. రోజూ పొద్దున్నే ఇద్దరూ చర్చి వెనక ఖాళీ స్థలానికి వెళ్లేవాళ్లు. బంతి తెస్తే పిల్లలు మూగుతారని మామిడిపళ్లు పట్టుకెళ్లేవాళ్లు. కియోనా విసిరేది. పండు చేతిలో పడేలోగా దాని మీద ఎర్రమచ్చ ఏ వైపుందో వాడు కేక వెయ్యాలి.

“కుడి!”

“అబద్ధం. ఎడమ. ఊహించి చెబుతున్నావు.”

“పండు తిరుగుతోంది కదే, నేనేం చెయ్యను?”

“తిరిగేదాన్నే చూడు. చెయ్యి సంగతి చెయ్యి చూసుకుంటుంది.”

మొదట్లో పళ్లన్నీ నేల మీద గుజ్జయ్యేవి. ఈగలు ముసిరేవి. వాళ్లిద్దరి బట్టలూ చూసి అమ్మమ్మ, “మామిడిపళ్లు తినడం చేతకాదని చెబితే నేనే నేర్పేదాన్ని కదర్రా,” అని గొణిగేది. తరవాత కియోనా పాత మేజోడులో పొయ్యిబూడిద నింపి, పండు విసిరే ముందు దాన్ని వాడి ముఖం ముందు దులిపేది. అప్పుడు రెప్పలు మళ్లీ మొదటికొచ్చేవి. వాడు దగ్గేవాడు, తిట్టేవాడు, వెళ్లిపోతానని నాలుగడుగులు వేసి తిరిగొచ్చేవాడు. పదింట్లో ఒకటి చూసేవాడు, తరవాత మూడు.

జూన్ చివర్లో జట్టు సాధన మొదలైంది. మొదటి రోజే జవారిస్ చేతుల్లోంచి వరసగా బంతులు జారాయి. చర్చి వెనక కుదిరింది, ఎదుటివాడు మీదికి దూకుతున్నప్పుడు కుదరలేదు.

ఆ వారం సరస్సు కట్ట మీద చేపలమ్మే చోట కియోనాకి ఫిప్స్ ఎదురయ్యాడు. టోపీ తీసి చేత్తో తిప్పుతూ నీళ్లకేసి చూశాడు.

“ఇంటికొచ్చి చెప్పలేక ఇక్కడ చెబుతున్నానమ్మా. సోమవారం నుంచి జవారిస్ చోటు ఇంకొకడికి ఇస్తున్నాను. వాడిది నిదానం పరుగు. కానీ అందినది వదలడు.”

“చేతులు వస్తాయన్నారుగా.”

“అన్నాను. ఆరేళ్లు ఎదురుచూశాను. జట్టులో ఇంకా నలభైమంది తల్లుల పిల్లలున్నారు. ఎందుకు వదిలేస్తున్నాడో తెలిస్తే మందు వేస్తాను. తెలియని జబ్బుకి ఏం చెయ్యను?”

ఆయన వెళ్లిపోవడానికి తిరిగాడు. కియోనా చేతిలో చేపల సంచి కారుతోంది. ఎదురుగా తమ్ముడి ఏడాది మొత్తం ట్రక్కు ఎక్కి పోతున్నట్టనిపించింది.

“కళ్లు మూసుకుంటాడు,” అంది.

ఫిప్స్ ఆగాడు. ఆమె మొత్తం చెప్పింది. మంట, బూడిద, ముఖం మీద తెల్ల గీతలు, మామిడిపళ్లు, మేజోడు. చెయ్యి గానీ దుమ్ము గానీ కళ్ల ముందు ఆడితే చాలు, రెప్ప పడిపోతుందని కూడా చెప్పింది. అంత మాట్లాడటం ఆమెకి అదే మొదలు.

ఆయన టోపీ గుండెకి ఆనించుకున్నాడు. “దేవుడా. ఆరేళ్లు వాడి చేతులే చూశాను, ముఖం చూడలేదు.”

“వాడికి తెలియకూడదు. ఒట్టేశాను. మీరు ఎవరికీ...”

“నా నోరు దాటదు కియోనా. చర్చిలో చెప్పినట్టే అనుకో.” ఆమె భుజం మీద చెయ్యేసి, తండ్రిలా ఒక్కసారి నొక్కాడు. “నువ్వు వాడి బతుకు నిలబెట్టావు.”

సోమవారం చోటు పోలేదు. పైగా ఫిప్స్ బంతి విసిరే పద్ధతే మార్చేశాడు. ఎదుటివాడి చెయ్యి అడ్డురాని వైపుకి, కాస్త ముందుగా, భుజం మీదుగా విసిరించేవాడు. సాధన అయ్యాక వాడిని విడిగా ఆపి, బంతి మీద సుద్దతో గీతలు గీసి ఎన్ని గీతలో చెప్పమనేవాడు. జవారిస్ ఇంటికొచ్చి గంతులు వేసేవాడు.

“చూశావా అక్కా, నేను చెప్పకుండానే కోచ్ నన్ను నమ్మాడు! వేరే కోచ్ అయితే ఈపాటికి గెంటేసేవాడు.”

కియోనా పళ్లెంలోకి చూస్తూ, “మంచి మనిషి,” అంది.

జూలై ఆఖరులో ఒక మధ్యాహ్నం జవారిస్ ఫోన్ చూసుకుంటూ వాకిట్లోనే నిలబడిపోయాడు. ఎంతసేపటికీ లోపలికి రాలేదు. కియోనా వెళ్లి చూసింది. ఫిప్స్ పంపిన సందేశం. పెల్హామ్ వాళ్లు పిలిచారు, కొత్త స్టేడియం, పెద్ద హోదా, మిమ్మల్ని మరచిపోను. జట్టు మొత్తానికి కలిపి ఒక్కటే.

“నా పేరు కూడా రాయలేదే,” అన్నాడు వాడు.

లోపల అమ్మమ్మ మూకుడు దించి పొయ్యి ఆర్పేసింది. “పెల్హామా? ఎక్కడికైనా పోనీ, పెల్హామా? మన గిన్నెల మూతలన్నీ వాడి వేలిముద్రలే! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.”

మంగలి షాపులో ఫిప్స్ ఫోటో గోడకి తిప్పేశారు. పాస్టరుగారు యేసుని పట్టిచ్చిన యూదా గురించి ప్రసంగం చేశారు, ఎవరి పేరూ ఎత్తకుండా. ఊరి కోపం ఊరిది. కియోనా గుండెల్లో రాయి వేరే. ఆయన ట్రక్కులో వస్తువులతోపాటు ఇంకేం పట్టుకెళ్లాడో ఆమె ఒక్కదానికే తెలుసు. నా నోరు దాటదన్నాడు కదా, అని తనకి తాను చెప్పుకుంది. అంతటివాడు ఆ మాట తప్పుతాడా అనుకుంది. తమ్ముడికి చెప్పేద్దామని ఒకటి రెండుసార్లు వాడి గది గుమ్మం దాకా వెళ్లింది. వాడు మంచం మీద పడుకుని బంతిని పైకి విసిరి పట్టుకుంటూ, “గీతలు, గీతలు, అతుకు, గీతలు,” అని గొణుక్కుంటున్నాడు. ఆ ముఖం చూసి వెనక్కొచ్చేసింది.

సీజను మొదలైంది. జవారిస్ పట్టడం మొదలెట్టాడు. అన్నీ కాదు, కానీ పట్టేవి ఎక్కువయ్యాయి. అక్టోబరుకల్లా ఊళ్లో జల్లెడ అనే మాట తగ్గింది. మంగలి, “ఇటు కూర్చో బాబూ, ముందు నీదే,” అనడం మొదలెట్టాడు. కొత్త కోచ్ ఇంటికి ఫోన్ చేసి, పెల్హామ్ ఆటకి కాలేజీ మనిషి ఒకాయన వస్తున్నాడని, జవారిస్ కోసమే వస్తున్నాడని చెప్పాడు. అమ్మమ్మ ఆ రోజు చిలగడదుంపలతో తీపి ‘పై’ వండి వీధిలో పంచింది.

నవంబరు. మళ్లీ మంటల కాలం. ఆట రోజు సాయంత్రం గాలిలో నల్లటి బూడిద రేకులు తేలుతున్నాయి. మైదానం గడ్డి మీదా, జనం టోపీల మీదా, వేరుశనగ పొట్లాల మీదా రాలుతున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. కియోనా జనం కూర్చునే మెట్ల మీద కూర్చోకుండా మైదానం చివర కంచె పట్టుకుని నిలబడింది. తమ్ముడి ముఖం అక్కడినుంచే బాగా కనిపిస్తుంది. కాస్త అవతల తెల్లటోపీ పెట్టుకున్న కాలేజీ మనిషి మడత కుర్చీలో కూర్చున్నాడు. అటువైపు గీత మీద, పెల్హామ్ రంగు చొక్కాలో ఫిప్స్ చేతులు కట్టుకుని ఉన్నాడు.

మొదటి బంతి కియోనా నిలబడ్డ మూలకే వచ్చింది. జవారిస్ తన వెంటపడ్డ పెల్హామ్ కుర్రాడి కంటే ఒక అడుగు ముందున్నాడు. బంతి దిగుతోంది. ఆ కుర్రాడు బంతి వైపు చూడనే లేదు. వెనకనుంచి చెయ్యి చాచి, వేళ్లు విప్పి, జవారిస్ కళ్ల ముందు ఊపాడు. ఆ వేళ్లలోంచి నల్లమట్టి పొడి లేచింది.

రెప్పలు పడ్డాయి. బంతి జారింది.

బూట్ల కింద ఎప్పుడూ లేచే మట్టే కాబట్టి రిఫరీ పట్టించుకోలేదు. కియోనా కంచె ఇనుము గట్టిగా పట్టుకుంది. ఒక్కసారేలే, అనుకుంది.

రెండోసారీ అదే చెయ్యి, అదే మట్టి. మూడోసారి బంతి ఇంకా గాల్లో ఉండగానే ఆ కుర్రాడు నవ్వుతూ, జోలపాడినట్టు అన్నాడు: “కళ్లు మూసుకో బంగారం, బూడిదొస్తోంది.”

కంచె ఇవతల కియోనాకి స్పష్టంగా వినిపించింది. జవారిస్‌కీ వినిపించింది. వాడు బంతి కోసం చేతులు కూడా ఎత్తలేదు. అది వాడి భుజానికి తగిలి పడిపోయింది. మెట్ల మీద ఎక్కడో ఒక గొంతు, “జల్లెడా!” అని అరిచింది. వెంటనే ఇంకొన్ని గొంతులు కలిశాయి. సొంతూరి గొంతులే.

జవారిస్ అవతలి గీత మీదున్న ఫిప్స్‌ని చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత తల తిప్పి కంచె వైపు చూశాడు. వాడికి తెలిసినంతవరకూ ఈ భూమ్మీద ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు తను. కియోనా ఆ చూపుకి నిలబడలేక కాళ్ల కిందికి చూసింది. జవాబు వాడికి అందిపోయింది.

ఆమె మళ్లీ తలెత్తేసరికి తెల్లటోపీ మనిషి కుర్చీ మడుస్తున్నాడు. పక్కవాడితో, “కాళ్లున్నాయి,” అన్నాడు జాలిగా. కుర్చీ చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు. ఇంకా సగం ఆట ఉంది.

“అయ్యా! ఉండండి, ఇంకా ఆట ఉంది,” అంది కియోనా. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. బ్యాండు మోతలో ఆయనకి వినిపించలేదు.

ఆఖరి భాగంలో జవారిస్ మారిపోయాడు. ఎలా మారాడో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు. బంతి వచ్చింది, చెయ్యి ఊగింది, మట్టి లేచింది. వాడు కళ్లు తెరుచుకునే ఉన్నాడు. మట్టి నేరుగా గుడ్ల మీద పడింది. కన్నీళ్లు నల్లగా కారాయి. బంతి మాత్రం చేతుల్లో ఉంది. మళ్లీ ఇంకోటి వచ్చింది. ఆ పెల్హామ్ కుర్రాడు ఈసారి రెండు చేతులతోనూ చల్లాడు. జవారిస్ రెప్ప వెయ్యలేదు. ఆ బంతినీ గుండెలకి హత్తుకుని గీత దాటి, అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు. జనం లేచి నిలబడి పేరు పెట్టి పిలిచారు. అప్పటికే ఆలస్యమైపోయింది. పెల్హామ్ గెలిచింది.

ఆట అయ్యాక రెండు జట్లూ చేతులు కలిపే వరస. కియోనా గేటు తోసుకుని మైదానంలోకి వచ్చేసరికి ఫిప్స్ జవారిస్ మెడ చుట్టూ చెయ్యేసి ఉన్నాడు. ఆయన ముఖంలో నిజంగానే సంతోషం ఉంది. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

“చూశావురా! మట్టి కొట్టినా పట్టావు. చేతులు వస్తాయని నేనన్నానా లేదా?” ఇంతలో ఆమెని చూశాడు. “ఇదిగో మన కియోనా! ఒరేయ్, మీ అక్క కన్ను నాకుంటేనా? నేను ఆరేళ్లలో కనిపెట్టలేనిది మసి గీతలు చూసి కనిపెట్టింది.”

జవారిస్ కదల్లేదు. వాపెక్కిన కళ్లు ఎటు చూస్తున్నాయో తెలియలేదు.

“మీ నోరు దాటదన్నారు,” అంది కియోనా. “చర్చిలో చెప్పినట్టే అన్నారు.”

“అప్పుడు నేను మోస్‌బీ కోచ్‌నమ్మా.” ఆయన గొంతులో తప్పు చేశానన్న జంకే లేదు. తెలియని పిల్లకి నచ్చజెబుతున్నట్టు మెత్తగా ఉంది. “ఇప్పుడు అటు నిలబడ్డవాళ్లు నా పిల్లలు. తెలిసినదాన్ని తెలియనట్టు దాచుకుంటే వాళ్లకి ద్రోహం చేసినట్టు కాదా? ఆట ఆటేనమ్మా. మన ప్రేమ ఎక్కడికీ పోదు. వెర్లీనమ్మని అడిగానని చెప్పు.”

టోపీ సర్దుకుని తన జట్టు వైపు వెళ్లిపోయాడు. అటు పిల్లలు ఆయన్ని ఎత్తుకున్నారు.

కియోనా తమ్ముడి చెయ్యి పట్టుకోబోయింది. వాడు విదిలించుకోలేదు. ఆ చెయ్యి తనది కానట్టు అలా వదిలేశాడు. తరవాత ఆమెతో రాకుండా జట్టు బస్సు ఎక్కాడు.

మర్నాడు పొద్దున వంటింట్లో అమ్మమ్మ కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి వాడి కళ్లు తుడుస్తోంది. రెప్పలు మామిడి టెంకల్లా ఉబ్బాయి. దూది తీసిన ప్రతిసారీ నల్లగా వస్తోంది.

“ఎంత మట్టి దాచుకున్నావురా, పొలం కొనక్కర్లేదు మనం,” అంది వాడిని నవ్విద్దామని. వాడు నవ్వలేదు. “కొత్త కోచ్ పొద్దున్నే ఫోన్ చేశాడు. ఆ తెల్లటోపీ ఆయనకి నువ్వు పట్టిన ఆఖరి రెండు బంతులూ వీడియోలో పంపుతాడట. చూస్తాడో లేదో మాట ఇవ్వలేదట.”

కియోనా పొయ్యి పక్కన నిలబడి ఉంది. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.

“నీ చోటు తీసేస్తానన్నాడు,” అంది. “జూన్‌లో. కట్ట మీద. సోమవారం నుంచి నువ్వు లేవన్నాడు. అందుకే నీ మీద ఒట్టేసి కూడా చెప్పాను. చెప్పకపోతే నువ్వు ఈ ఏడాది ఆడేవాడివే కాదు. గీతలు గీయించడం, భుజం మీదుగా విసిరించడం, అదంతా నేను చెప్పబట్టే...”

సగంలో ఆగిపోయింది. అది వాడికి తెలియాల్సిన మాట కాదు. ఆయన తననే నమ్మాడని వాడు వేసవంతా గంతులేశాడు. ఆ కాస్త కూడా ఇప్పుడు తనే లాగేసుకుంది.

అమ్మమ్మ చేతిలో దూది ఆగింది. మనవరాలిని చూసింది, మనవడిని చూసింది.

“వాడి మీద ఒట్టేసి మరీనా?”

“అవును.”

“నాకొక మాట చెప్పి ఉండాల్సింది. ఆ ఫిప్స్ ఎలాంటివాడో వాడికి వండిపెట్టిన నాకు తెలుసు, నీకు తెలియదు.” తరవాత మనవడి వైపు తిరిగింది. “ఒరేయ్ జవారిస్, అది నీ మంచికే చెప్పిందిరా. అమ్ముకున్నవాడు వాడు. దీన్ని తిట్టు, కావాలంటే కొట్టు, నేను అడ్డం రాను. కానీ ఏదో ఒకటి అను.”

జవారిస్ లేచాడు. సింకు దగ్గర ముఖం కడుక్కుని, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. గదిలోకి వెళ్లి సంచిలో రెండు జతల బట్టలూ, బూట్లూ కుక్కుకుని వచ్చాడు. జట్టులో బంతి విసిరే కుర్రాడి ఇల్లు రెండు వీధుల అవతల. వాళ్లింట్లో ఇంకో మంచం ఉందని ఆ కుర్రాడు అప్పుడప్పుడూ అంటుండేవాడు.

కియోనా దారికి అడ్డంగా నిలబడింది.

“జవారిస్, నన్ను తిట్టు.”

వాడు ఆగాడు. ఆమె పక్కకి తప్పుకునేదాకా, గుమ్మం దగ్గర ఎవరో ముసలావిడకి దారి ఇచ్చినట్టు మర్యాదగా, ఓపిగ్గా ఆగాడు. ఆమె తప్పుకుంది. వాడు వంగి అమ్మమ్మకి నుదురు అందించాడు. ఆమె ముద్దు పెట్టుకుంది. సంచి భుజానికి తగిలించుకుని గడప దాటి వెళ్లిపోయాడు.